పనితనానికి ధ్రువపత్రం: వృత్తి సంఘాలు చేయవలసిన పని

(ఏసీ, ఫ్రిజ్, విద్యుత్ మెకానిక్‌ల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను ఆహ్వానించినప్పుడు సంఘం సాధించవలసిన డిమాండ్ల గురించి మాట్లాడమన్నారు. గుర్తింపు కార్డులు, బీమా, బ్యాంకు ఋణాలు, దుకాణాలకు స్థలాలు ఇవన్నీ న్యాయమైన డిమాండ్లే. పౌరులుగా వాటిని అడగడం మన హక్కు. ఆ అడగడం ఆపకూడదు. అయితే ఎవరి గుమ్మం ముందూ నిలబడకుండా మన సభ్యులకు మనమే ఇచ్చుకోగలిగినది ఒకటున్నది. అది నిరంతర విద్య, ఆ విద్యకు రుజువుగా నిలిచే నమ్మకమైన ధ్రువపత్రం. ఈ రోజు దాని గురించే మాట్లాడదలిచాను.

మన వృత్తి విద్య ఎలా సాగుతూ వచ్చిందో మీకు నేను చెప్పనవసరం లేదు. బడి మానిన పిల్లవాడు ఉస్తాద్ దుకాణంలో చేరతాడు. మొదట పానాలు అందిస్తాడు, టీ తెస్తాడు. చూస్తూ చూస్తూ రాగి గొట్టం వంచడం, ఫ్లేరింగ్ చేయడం, కంప్రెసర్ శబ్దాన్ని బట్టి జబ్బు పసిగట్టడం నేర్చుకుంటాడు. పుస్తకం లేదు, పరీక్ష లేదు. ‘ఇక నీవొక్కడివే వెళ్ళి చేసి రా’ అని ఉస్తాద్ పంపిన నాడే ఆ షాగిర్ద్‌కు పట్టా వచ్చినట్లు. ఊరందరికీ ఉస్తాద్ తెలుసు గనుక ఆయన మాటే చాలింది. ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టిన ఈ విధానాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

కాని రెండు మార్పులు వచ్చాయి. మొదటిది, పని మారింది. రెండవది, పని ఇచ్చేవారు మారారు.

మన ఉస్తాద్‌లు ఎక్కువ కాలం పనిచేసింది ఆర్-22 గ్యాసుతో. అది మంటకు అంటుకునే స్వభావం కలది కాదు. ఓజోన్ పొరకు హాని చేస్తుంది గనుక 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా దానిని క్రమంగా తొలగిస్తున్నది. ఇప్పుడు ఇండ్లకు వస్తున్న ఇన్వర్టర్ ఏసీలలో విరివిగా ఉన్నది ఆర్-32. అది కొంతమేరకు మండే గ్యాసు. కొన్ని ఏసీలలోను, అనేక ఫ్రిజ్‌లలోను హైడ్రోకార్బన్ గ్యాసులు వాడుతున్నారు. వాటిలో ఒకటైన ఆర్-290 మరేమిటో కాదు, ప్రొపేన్. మన వంటింటి సిలిండరులో ఉండే గ్యాసుకు అది దగ్గరి చుట్టం. పైగా వంటగ్యాసుకు వాసన కలుపుతారు గనుక లీకయితే ముక్కుకు తెలుస్తుంది. ఈ గ్యాసుకు ఆ వాసన ఉండదు. గాలికంటె బరువైనది గనుక నేలమీద పరచుకుంటుంది.

ఆర్-22తో ముప్పై ఏళ్ళు పనిచేసిన చేయికి కొన్ని అలవాట్లు ఉంటాయి. గొట్టంలో గ్యాసు కొంత మిగిలి ఉండగానే టార్చి వెలిగించడం, నైట్రోజన్‌తో శుభ్రపరచకుండా బ్రేజింగ్ చేయడం, తూకం లేకుండా ఆంపియర్లు చూసి గ్యాసు నింపడం, తలుపులు మూసిన గదిలో గ్యాసును గాలిలోకి వదిలేయడం. నిన్నటిదాకా ఆ అలవాట్ల వల్ల యంత్రం చెడేది, గాలి చెడేది. నేడు మనిషే కాలిపోవచ్చు. కాలేది ఎవరో కాదు, మన బిడ్డే. కనుక ‘నాకు పని వచ్చు’ అనే మాటకు ఇప్పుడు గడువు తేదీ ఉన్నది. నేర్చుకున్నవాడు మళ్ళీ నేర్చుకోవాలి. నిరంతర విద్య అంటే ఇంతే.

ప్రభుత్వం ఈ సంగతి గుర్తించకపోలేదు. 2019లో ప్రకటించిన జాతీయ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళికలో లక్ష మంది సర్వీసింగ్ మెకానిక్‌లకు శిక్షణ, ధ్రువీకరణ ఇవ్వాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. అటువంటి అవకాశం ఢిల్లీ కాగితం నుండి మన వీధిలోని దుకాణం దాకా నడిచి రాదు. మధ్యలో చేయిపట్టి తీసుకువచ్చే సంఘం ఉండాలి.

ఇక రెండవ మార్పు. మా బంధువులలో ఒకరు ఇరవై ఏళ్ళకు పైగా ఏసీ పని చేసినవారు. ఒక పెద్ద భవన సముదాయంలో ఏడాది మరమ్మతుల కాంట్రాక్టు కోసం వెళ్ళారు. అక్కడివారు పని గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. ‘మీ సర్టిఫికెట్ ఏది?’ అన్నారు. ఆయన దగ్గర లేదు. కాంట్రాక్టు మరొకరికి దక్కింది. వేసవిలో ఒక యంత్రం వారికి లొంగనప్పుడు ఆ కాంట్రాక్టరే మా బంధువును రోజు కూలికి పిలిపించుకున్నాడు. పని ఈయనది, బిల్లు ఆయనది. ఈ కథ మీలో చాలామందికి సొంత కథే.

2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ఈ కథకు మూలం చూపింది. ముస్లింలలో స్వయం ఉపాధిపై ఆధారపడినవారి పాలు ఎక్కువ, నెల జీతం వచ్చే స్థిరమైన ఉద్యోగాలలో వారి పాలు తక్కువ అని ఆ నివేదిక తేల్చింది. అక్షరాస్యత దేశ సగటు 65.1 శాతం ఉండగా ముస్లింలలో 59.1 శాతమే అని 2001 జనాభా లెక్కల ఆధారంగా చూపింది. అంటే చేతిలో పని ఉన్నది, ఆ పనికి కాగితం లేదు. కాగితం లేని పని ఎంత గొప్పదైనా బ్యాంకు దృష్టిలో, టెండరు దృష్టిలో, కంపెనీ దృష్టిలో లేనట్లే.

గల్ఫ్ దారి కూడా మారింది. సౌదీ అరేబియా కొన్ని వృత్తులలో వచ్చే కార్మికులకు నైపుణ్య పరీక్షను తప్పనిసరి చేసి, ఆ పరీక్షలను 2022 చివరి నుండి మన దేశంలోనే జరిపిస్తున్నది. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్, ఏసీ మెకానిక్ పనులు ఆ జాబితాలో ముందు వరుసలోనే ఉన్నాయి. కడప నుండి, నిజామాబాద్ నుండి, హైదరాబాద్ పాతబస్తీ నుండి వెళ్ళే యువకుడు ఏజెంటుకు డబ్బు కట్టే ముందు పరీక్షకు సిద్ధం కావలసిన కాలమిది.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. పేరు చూసి పక్కకు నెట్టేవారి మనసును ధ్రువపత్రం మార్చదు. ఆ పోరాటం వేరు. దానిని రాజ్యాంగం ఇచ్చిన సమానత్వ హక్కు పునాదిగా చేయవలసిందే. అయితే ‘అర్హత లేదు’ అనే సాకును మాత్రం ధ్రువపత్రం తీసివేస్తుంది. సాకు పోయిన తరువాత మిగిలేది వివక్ష అని నలుగురికీ కనబడుతుంది. అప్పుడు మన ఫిర్యాదుకు బలం వస్తుంది.

సంఘమే చదువు చెప్పి, పరీక్షించి, పత్రమివ్వడం కొత్త ఊహ కాదు. మన సంప్రదాయంలో ‘ఇజాజత్’ ఉన్నది. శిష్యుడు ఒక విద్యను సరిగా గ్రహించాడని గురువు తృప్తిపడినప్పుడు, దానిని ఇతరులకు బోధించడానికి ఇచ్చే అనుమతి అది. దాని విలువ కాగితంలో లేదు, ఇచ్చిన గురువు పేరులో, ఆయన గురువుల పరంపరలో ఉన్నది. పూర్వపు ముస్లిం నగరాలలో ‘ముహ్‌తసిబ్’ అనే అధికారి అంగళ్ళకు వెళ్ళి తూనికలతోపాటు చేతివృత్తులవారి పని నాణ్యతను కూడా పరీక్షించేవాడు. పనిని లోపం లేకుండా చేయడాన్ని మన ధర్మం ‘ఇత్‌ఖాన్’ అన్నది. ఐరోపాలో చూస్తే, 1878లో లండన్ నగరపాలక సంస్థ, పదహారు పాత వృత్తి సంఘాలు కలిసి సిటీ అండ్ గిల్డ్స్ అనే సంస్థను నెలకొల్పాయి. వృత్తి నైపుణ్యాలకు అది ఇచ్చే పత్రాలకు నేడు ఎన్నో దేశాలలో విలువ ఉన్నది. అది పుట్టింది విశ్వవిద్యాలయం గర్భంలో కాదు, మనవంటి సంఘాల నుండే.

ఇప్పటి పెద్ద వృత్తులను చూడండి. వైద్యులు అయిదేళ్ళలో 30 గంటలైనా వైద్య విద్యా కార్యక్రమాలలో పాల్గొనాలని 2002 నాటి వృత్తి నియమావళి చెప్పింది. ఉపాధ్యాయులు ఏటా 50 గంటలు వృత్తి విద్యకు కేటాయించాలని 2020 జాతీయ విద్యా విధానం నిర్దేశించింది. చార్టర్డ్ అకౌంటెంట్లకు వారి సంస్థే తరగతులు నడుపుతుంది, గంటలు లెక్కిస్తుంది. గుండెను చూసే డాక్టరు మళ్ళీ చదువుకోవడం గౌరవమైతే, మండే గ్యాసును పట్టుకునే మెకానిక్ మళ్ళీ చదువుకోవడం అగౌరవమెలా అవుతుంది?

ఇక ఎలా చేయాలన్నది చెప్తాను.

మొదట ఒకే ఒక్క పాఠ్యక్రమంతో ప్రారంభించండి. ‘మండే గ్యాసులతో భద్రంగా పనిచేయడం’ అని దానికి పేరు పెట్టుకుందాం. ఎనిమిది పాఠాలు చాలు. యంత్రం మీది లేబుల్ చదివి గ్యాసును గుర్తించడం, గదిలో గాలి ఆడేలా చూసి నిప్పురవ్వలకు తావు లేకుండా చేయడం, సబ్బు నీటితోను పరికరంతోను లీకు పట్టడం, పాత గ్యాసును సిలిండరులోకి తిరిగి తీసుకోవడం, నైట్రోజన్‌తో శుభ్రపరచి బ్రేజింగ్ చేయడం, వాక్యూమ్ తీసి నిలుస్తున్నదో లేదో చూడడం, తూకం ప్రకారమే గ్యాసు నింపడం, చేసిన పనిని వ్రాసిపెట్టి యజమానికి జాగ్రత్తలు చెప్పడం.

ఒక్కొక్క పాఠం పది నిమిషాల వీడియోగా ఉండాలి, ఫోనులో చూడగలగాలి. కేంద్ర ప్రభుత్వం 2017 నుండి నడుపుతున్న ‘స్వయం’ వేదికలో ప్రతి పాఠానికీ నాలుగు భాగాలు ఉంటాయి: వీడియో, చదువుకొనే సామగ్రి, తనను తాను పరీక్షించుకొనే ప్రశ్నలు, సందేహాల చర్చ. మనమూ అదే పద్ధతి పాటించవచ్చు. పాఠాలను, ప్రశ్నలను, హాజరును ఒకచోట నడపడానికి మూడిల్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అంత కూడా మొదట్లో అక్కరలేదనుకుంటే వీడియోలు, వాట్సాప్ గుంపు, ఒక హాజరు పట్టిక చాలు. సాధనం చిన్నదైనా క్రమం తప్పకూడదు.

వీడియోలో మాట్లాడవలసినది మన ఉస్తాదే. ఆయన చేతులనే కెమెరా చూపాలి. పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో బోధించిన ఒకరు పక్కన కూర్చుని ప్రతి మాటనూ సరిచూడాలి. ఉస్తాద్ అనుభవం, అధ్యాపకుని శాస్త్రం రెండూ కలిస్తేనే పాఠం. భాష విషయంలో పట్టుదలలు వద్దు. పెద్దలు చాలామంది దక్కనీ ఉర్దూలో వింటారు, పిల్లలు తెలుగులో చదువుతారు. రెండింటిలోనూ మాట ఉండాలి. చదవడం రాని వారికి ప్రశ్నలను వినిపించి, జవాబులను నోటితో చెప్పించుకోవాలి. మనం కొలవవలసింది పనిలోని జ్ఞానాన్ని, అక్షరాల వేగాన్ని కాదు.

కాలాన్ని కూడా చూసుకోవాలి. మార్చి నుండి జూన్ వరకు మెకానిక్‌కు భోజనం చేయడానికే తీరిక ఉండదు. కనుక పని మందగించే చలికాలంలో పాఠాలు నడపాలి. వారానికొకసారి ఇషా నమాజు తరువాత ముఖాముఖి ఆన్‌లైన్ తరగతి పెట్టి సందేహాలు తీర్చాలి. రంజాన్ మాసం కలిసి వస్తే తరగతి ఆపి, ఆ తరువాత కొనసాగించాలి.

ఇప్పుడు అసలైన విషయానికి వస్తున్నాను. పాఠం ఎంత బాగున్నా ధ్రువపత్రానికి విలువనిచ్చేది పాఠం కాదు, పరీక్ష. తప్పడానికి వీలులేని పరీక్ష పరీక్షే కాదు. వీడియో చివరిదాకా నడిచిందని పత్రం ఇచ్చేస్తే, నెల తిరగకముందే ఊరిలో దానిని ఎవరూ లెక్కచేయరు. ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలన్నీ ఇంట్లోనే ఉచితంగా వినవచ్చు. పత్రం కావాలంటే మాత్రం రుసుము కట్టి, పరీక్షా కేంద్రానికి వచ్చి, పర్యవేక్షణలో వ్రాయాలి. మన పరీక్షలోనూ ప్రశ్నల భాగం ఫోనులో జరగవచ్చు. చేతిపని భాగం మాత్రం యంత్రం ముందు, పరీక్షకుని కళ్ళముందు జరగాలి.

పాఠం చెప్పినవాడు పరీక్షకుడు కాకూడదు. వ్యక్తుల అర్హతను ధ్రువీకరించే సంస్థలకు ఐఎస్‌ఓ 17024 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. నిష్పక్షపాతం దానికి ప్రాణం. మనం దాని గుర్తింపు వెంటనే పొందలేకపోవచ్చు, ఆ నీతిని మాత్రం ఈ రోజే పాటించవచ్చు. మన అభ్యర్థులను పొరుగు జిల్లా ఉస్తాద్‌లు పరీక్షిస్తారు, వారి అభ్యర్థులను మనవారు పరీక్షిస్తారు. వెంట ఒక బయటి అధ్యాపకుడు ఉంటాడు. అధ్యక్షుని మేనల్లుడు తప్పితే తప్పినట్లే. నెల తరువాత మళ్ళీ రావచ్చు, రెండవసారి రుసుము అక్కరలేదు.

పత్రం మీద ఏమి వ్రాస్తామన్నది కూడా అమానతే. తరగతులకు హాజరైనవారికి ‘హాజరయ్యారు’ అని, పరీక్షలో నెగ్గినవారికి ‘సంఘం జరిపిన పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు’ అని మాత్రమే వ్రాయాలి. ‘ప్రభుత్వ గుర్తింపు పొందినది’ అనే మాట లేని గుర్తింపు ఉన్నట్లు వ్రాస్తే అది అబద్ధం, మోసం. ప్రభుత్వ గుర్తింపు కావలసినవారికి వేరే దారి ఉన్నది. వృత్తి విద్యకు నియంత్రణ సంస్థగా జాతీయ వృత్తి విద్యా శిక్షణ మండలి ఉన్నది. అది గుర్తించిన సంస్థలే జాతీయ అర్హతా చట్రం ప్రకారం పత్రాలిస్తాయి. బడికి వెళ్ళకుండా పనిలో నేర్చినవారి నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తించే పద్ధతి కూడా అందులో ఉన్నది. దానిని పూర్వ అభ్యసన గుర్తింపు అంటారు. ఏసీ మెకానిక్ పనికి సంబంధించి ఎలక్ట్రానిక్స్ రంగ నైపుణ్య మండలి ఆ పని చేస్తున్నది. మన పాఠాలను వారి ప్రమాణాలకు అనుగుణంగా తయారు చేసుకుంటే, మన పరీక్షలో నెగ్గినవాడు ఆ పరీక్షలోనూ నెగ్గుతాడు. సంఘం పత్రం మొదటి మెట్టు, జాతీయ పత్రం రెండవ మెట్టు.

పత్రానికి మూడేళ్ళ గడువు పెట్టండి. ఆ మూడేళ్ళలో కొత్త పాఠాలు విన్నవారికే పొడిగింపు. ప్రతి పత్రానికీ ఒక సంఖ్య ఇచ్చి, ఎవరైనా సరిచూసుకొనేలా పట్టికను బహిరంగంగా ఉంచండి. ఆ పట్టికలో పేరు, సంఖ్య, విషయం, గడువు తేదీ చాలు. ఆధార్ నంబర్లు, ఇంటి చిరునామాలు అందులో పెట్టవద్దు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా సభ్యుల వివరాలు మన దగ్గర అమానతే. ప్రమాదకరంగా పనిచేశాడని ఫిర్యాదు వస్తే విచారించి, నిజమైతే పత్రం రద్దు చేసే నియమం కూడా మొదటి రోజే వ్రాసుకోవాలి.

ఖర్చు సంగతి. ఒక మంచి ఫోను కెమెరా, అభ్యాసానికి రెండు పాత ఏసీలు, నైట్రోజన్ సిలిండరు, తూకం యంత్రం, గ్యాసు ఇవి కావాలి. సభ్యత్వ రుసుములో కొంత, పరీక్ష రుసుములో కొంత దీనికి చాలవచ్చు. రుసుము ఖర్చును మించకూడదు. పత్రాలు ఆదాయ మార్గమైన నాడు వాటి విలువ అంతమైనట్లే. కట్టలేని పిల్లలకు దాతల సహాయం తీసుకుందాం. అందులో జకాత్ సొమ్ము వాడవచ్చునా అన్నది ఉలమాలను అడిగి నడుచుకుందాం.

వెనుక కూర్చున్న తల్లులకు, సోదరీమణులకు ఒక మాట. ఆన్‌లైన్ చదువు మీ గడప దాటి లోపలికి వస్తుంది. ఇన్వర్టర్ ఏసీలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేవాటిలో పీసీబీ అనే కంట్రోల్ బోర్డు ఒకటి. దాని మరమ్మతుకు నిచ్చెన ఎక్కనవసరం లేదు. బల్ల, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు, భద్రత తెలిసిన ఓపికగల చేయి కావాలి. మన ఆడపిల్లలకు ఆ పాఠ్యక్రమం రెండవదిగా పెట్టవచ్చు. డిప్లొమా చదివిన అమ్మాయిలు పాఠాల నిర్వహణ, పరీక్షల పట్టికలు, సందేహాలకు జవాబులు చూడగలరు. ఇంట్లో ఒకే ఫోను ఉండి అది ఎప్పుడూ అన్నదమ్ముల చేతిలోనే ఉంటే మాత్రం ఇదంతా జరగదు. తండ్రులారా, ఆ గంట ఫోను ఆమెకు ఇవ్వండి.

ఈ పని ముస్లింలకు మాత్రమే అని గిరి గీయవద్దు. గ్యాసు మంట మతం అడగదు. మన పక్క దుకాణంలోని దళిత సోదరుడు, బీసీ మిత్రుడు కూడా అదే కాగితం లేని కష్టంలో ఉన్నారు. వారికీ తలుపు తెరిచిన సంఘం పత్రాన్ని ఊరంతా తన పత్రమనుకుంటుంది.

చివరగా ఒక అభ్యంతరం. ‘నలభై ఏళ్ళు పనిచేసినవారికి పరీక్షా? మా షాగిర్ద్‌ల ముందు తప్పితే మా మర్యాద ఏం కావాలి?’ అని కొందరు పెద్దలు నాతో అన్నారు. వారి బాధ నాకు అర్థమయింది. నా విన్నపం ఇది: మొదటి పరీక్ష పెద్దలే వ్రాయాలి. అధ్యక్షులవారు మొదటి కుర్చీలో కూర్చోవాలి. ఒక ఉస్తాద్ ‘ఈ కొత్త గ్యాసు సంగతి నాకు తెలియదు, నేర్చుకుంటాను’ అని షాగిర్ద్‌ల ముందు చెప్పగలిగితే, అంతకు మించిన పాఠం ఏ వీడియోలోనూ ఉండదు. ఆ ఒక్క మాటకు ఆయన మర్యాద తగ్గదు. ఆ మాట చెప్పలేకపోయినందుకు ఒక పిల్లవాని చేయి కాలితే మాత్రం మన మర్యాదలన్నీ ఎందుకు?

ఈ సభ ముగిసేలోగా మూడు తీర్మానాలు చేయమని కోరుతున్నాను. పాఠ్య సంఘంగా అయిదుగురిని, అందులో ఒక అధ్యాపకుని, ఒక మహిళను ఎన్నుకోండి. వారికి సంబంధం లేని పరీక్షా సంఘాన్ని వేరుగా వేయండి. ఈ చలికాలంలో ఇరవై మందితో మొదటి పాఠ్యక్రమం పూర్తి చేసి, వచ్చే వేసవి సీజను మొదలయ్యేలోగా మొదటి పరీక్ష జరపండి. ఇరవై మందిలో పన్నెండు మందే నెగ్గినా సిగ్గుపడవద్దు. ఆ పన్నెండు పత్రాలను నమ్మవచ్చునని ఊరు తెలుసుకుంటుంది.

మన చేతులకు పనితనం ఇచ్చిన అల్లాహ్, దానిని భద్రంగా, నిజాయితీగా వాడే జ్ఞానం కూడా ప్రసాదించుగాక. వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.